ఫోటోలో దొరికిన ఆకాశం వీడియోలో ఎందుకు తెల్లబోతుంది? రా, లాగ్, మామూలు ప్రొఫైల్, ఫోన్‌లలో ఎవరికి ఏది

పొద్దున ఏడింటికి ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఒకే కెమెరాతో ఒక ఫోటో, పది సెకన్ల వీడియో తీసి చూడండి. ఫోటోని ఇంటికొచ్చి కాస్త ఎడిట్ చేస్తే గేట్ల కింది నీడ, నీటి మీది మెరుపు, తూర్పున మబ్బుల అంచులు అన్నీ బయటికొస్తాయి. వీడియోలో ఆకాశం ఉండాల్సిన చోట తెలుపు తప్ప ఏమీ ఉండదు. దాన్ని తగ్గిస్తే తెలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది కానీ మబ్బు మాత్రం రాదు. కెమెరా అదే, లెన్సు అదే, సెన్సర్ కూడా అదే. ఈ తేడా చూసి చాలామంది వెంటనే కొత్త కెమెరా బాడీ కోసం ధరలు వెతకడం మొదలుపెడతారు. బాడీ మార్చడం అవసరమైనవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి కింద చెబుతాను. కానీ ఎక్కువమందికి ఉన్న కెమెరాలోనే రికార్డ్ చేసే పద్ధతి మారిస్తే సగం సమస్య తీరుతుంది. ఏ పద్ధతి అన్నది మీరు తీసే పనిని బట్టి ఉంటుంది. (రా అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని కెమెరా వండకుండా దాచే ఫైలు. లాగ్ అంటే ఎక్కువ వెలుగు నీడల్ని మడిచి ఫైలులో సర్దే వీడియో ప్రొఫైల్.)

ఎంచుకునే ముందు ఏం చూడాలి

ఒకే ఫ్రేములో కెమెరా పట్టుకోగల అతి చీకటికీ అతి వెలుతురుకీ మధ్య ఉన్న దూరమే డైనమిక్ రేంజ్. దీన్ని స్టాప్‌లలో కొలుస్తారు. ఒక స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపైనట్టు. పది స్టాప్‌లంటే 1,024 రెట్లు, 14 స్టాప్‌లంటే 16 వేల రెట్ల పైమాట. మంచి ఎండలో ఉన్న పొలం వెలుతురు ఈవీ (వెలుతురుని స్టాప్‌లలో చెప్పే అంకె) 15 దగ్గర ఉంటుంది. ఉండవల్లి గుహల్లో పవళించిన విష్ణుమూర్తి ఉన్న గది లాంటి చోటు ఈవీ 5 లేదా 6 అనుకోండి. లోపలి స్తంభం, బయటి పచ్చదనం ఒకే ఫ్రేములో పెడితే ఆ రెండింటి సగటు వెలుతురుల మధ్యే తొమ్మిది, పది స్టాప్‌ల తేడా వచ్చేస్తుంది. స్తంభం మీది నీడలు, బయట ఆకాశం ఇంకా లెక్కలోకి రానేలేదు.

అట్టపెట్టె మీద రాసే 14, 15 స్టాప్‌ల సంఖ్యను ఉన్నదున్నట్టు నమ్మకండి. నాయిస్‌లో (బొమ్మ మీద కనిపించే చుక్కల్లో) మునిగిపోయిన ఆఖరి నీడను కూడా అందులో కలిపి లెక్కేస్తారు. నాయిస్‌కి ఒక హద్దు పెట్టి కొలిస్తే ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు లాగ్ వీడియోలో చాలావరకు 11 నుంచి 13 స్టాప్‌ల మధ్య నిలుస్తాయి. రెండు కెమెరాల మధ్య అర స్టాప్ తేడా కోసం నిద్ర పాడుచేసుకోవడం అనవసరం.

నేను చూసేవి ఐదు. వెలుతురు వైపు ఎంత చోటుంది, అంటే మధ్యస్థ బూడిదరంగు నుంచి పైకి ఎన్ని స్టాప్‌ల దాకా వివరం నిలుస్తుంది. నీడల్ని ఎడిట్‌లో ఎంత పైకి లేపొచ్చు. ఫైలులో రంగు సమాచారం ఎంతుంది. షట్టర్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పుకునే స్వేచ్ఛ ఉందా. తీసుకొచ్చాక కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చోవాలి. ఈ ఐదింట్లో మన దగ్గర అందరూ తక్కువ అంచనా వేసేది చివరిదాన్నే. అందరినీ ముంచేదీ అదే.

సెన్సర్ ఒకటే అయినా వీడియోలో ఎక్కడ పోతుంది

మొదటి నష్టం షట్టర్ దగ్గర. సెకనుకు 25 ఫ్రేముల వీడియోకి 1/50 సెకను షట్టర్ మామూలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మినుక్కుమనకుండా ఉండాలన్నా 1/50 లేదా 1/100 మీదే ఉండాలి. (కెమెరా కొత్తగా కొన్నప్పుడు ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ ప్రమాణంలో ఉండి 30 ఫ్రేములు చూపిస్తుంటే ముందు మన పాల్ ప్రమాణానికి మార్చుకోండి. ఫంక్షన్ హాల్లో వీడియో మీద నల్ల చారలు పాకడానికి చాలాసార్లు కారణం ఇదే.) ఇప్పుడు ఎండలో లెక్క చూడండి. ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100లో సరైన ఎక్స్‌పోజర్ దాదాపు ఎఫ్ 16 (లెన్సు రంధ్రం, అంకె తగ్గితే పెద్దదవుతుంది), షట్టర్ 1/100. వెనక బ్లర్ కావాలని ఎఫ్ 2.8కి వస్తే ఐదు స్టాప్‌లు ఎక్కువైంది. ఫోటో తీసేవాళ్లు షట్టర్‌ని 1/3200కి తిప్పుకుని హాయిగా ఉంటారు. వీడియోవాళ్లు 1/50లో ఉండాలి కాబట్టి మొత్తం ఆరు స్టాప్‌లు ఆపాలి, అంటే వెలుతురుని 64వ వంతుకి తగ్గించే నల్లటి గాజు, ఎన్‌డీ 64 ఫిల్టర్. లాగ్‌లో కనీస ఐఎస్‌ఓ 800 ఉన్న కెమెరా అయితే ఇంకో మూడు స్టాప్‌లు కలిపి తొమ్మిది, ఎన్‌డీ 512 కావాలి. రెండు నుంచి ఐదు స్టాప్‌ల వేరియబుల్ ఎన్‌డీ కొని “ఎండలో ఇంకా బర్న్ అవుతోందేంటి” అని కెమెరాని తిట్టుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

రెండోది వేగం. ఫోటోకి సెన్సర్ని తీరిగ్గా, 14 బిట్లలో చదవొచ్చు (బిట్లు పెరిగితే వెలుతురుకి మెట్లు పెరుగుతాయి). వీడియోకి సెకనుకు 25 నుంచి 60 సార్లు మొత్తం చదవాలి కాబట్టి చాలా కెమెరాలు 12 బిట్లకు దిగుతాయి. కొన్ని క్రాప్ చేస్తాయి, పాతవి కొన్ని మధ్యలో వరుసలే వదిలేస్తాయి. వేగంగా చదివేలా సెన్సర్ కడితే ఆ ఖర్చు ఇంకోచోట తేలుతుంది. 2024లో వచ్చిన నికాన్ జడ్6 3 సెన్సర్ వీడియోకి చాలా చురుకైనది. కానీ తక్కువ ఐఎస్‌ఓలో తీసిన ఫోటోల నీడల్లో దాని ముందు తరం జడ్6 2 కాస్త మెరుగు.

మూడోది ఫైలు. 4కే వీడియో 100 మెగాబిట్ల వేగంతో రాస్తే, 25 ఫ్రేములకు పంచగా ఒక్కో ఫ్రేముకు దక్కేది అర ఎంబీ. అదే కెమెరాలో 24 మెగాపిక్సెల్ రా ఫోటో కంప్రెస్ చేయకపోతే 40 ఎంబీ దాటుతుంది. ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి మారని భాగాన్ని కోడెక్ (వీడియోని కుదించి రాసే పద్ధతి) మళ్లీ రాయదు కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైంది కాదు. అయినా నీడలు లేపినప్పుడు గడులు గడులుగా కనిపించేది ఎందుకో దీంతో అర్థమవుతుంది.

నాలుగోది, ఆకాశాన్ని నేరుగా తినేసేది, టీవీ కోసం పెట్టిన కర్వ్. మామూలు వీడియో ప్రమాణమైన రెక్ 709లో పైన చెప్పిన మధ్యస్థ (18 శాతం) బూడిదరంగుకీ పూర్తి తెలుపుకీ మధ్య ఉండేది రెండున్నర స్టాప్‌లే. కెమెరాలు పైభాగాన్ని కొంచెం వంచి ఇంకాస్త ఇరికిస్తాయి. ముఖం సరిగ్గా ఎక్స్‌పోజ్ చేస్తే వెనక ఎండ పడిన గోడ, దాని పైన ఆకాశం ఆ హద్దు దాటిపోతాయి. సెన్సర్‌లో ఆ వివరం ఉంది. ఫైలులో రాయలేదు, అంతే.

వీడియోకి కలిసొచ్చేవీ రెండున్నాయి. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ మొత్తం చదివి 8.3 మెగాపిక్సెళ్ల 4కేగా కుదిస్తే పక్కపక్క పిక్సెళ్ల నాయిస్ సగటై, నీడల్లో అర స్టాప్‌కి పైగా లాభం వస్తుంది. పైగా కదిలే బొమ్మలో నాయిస్ ఫ్రేము ఫ్రేముకీ మారుతుంటుంది కాబట్టి కన్ను దాన్ని సర్దేసుకుంటుంది. పాజ్ కొట్టి చూస్తే భయపెట్టే ఫ్రేము ఆడుతున్నప్పుడు బాగానే ఉంటుంది. పాజ్ కొట్టి వీడియోని అంచనా వేయకండి.

ఒకచోట పెట్టి చూస్తే

| పద్ధతి | వెలుతురు వైపు చోటు | నీడలు లేపితే | రంగు సమాచారం | తర్వాతి పని |
|---|---|---|---|---|
| రా ఫోటో | బాగుంది, ఎక్స్‌పోజర్ తగ్గించి పెంచుకోవచ్చు | 4 స్టాప్‌ల దాకా తట్టుకుంటుంది | 12 లేదా 14 బిట్లు | ఒక్కో ఫోటోకి కొంత |
| జేపెగ్ ఫోటో | తక్కువ | ఒకటి, ఒకటిన్నర స్టాప్‌లు | 8 బిట్లు | దాదాపు లేదు |
| మామూలు వీడియో | చాలా తక్కువ | ఒక స్టాప్ కూడా కష్టమే | 8 బిట్లు, 4:2:0 | కటింగ్ మాత్రమే |
| సోనీ ఎస్-సినీటోన్ లాంటి మధ్యరకం ప్రొఫైల్ | పర్వాలేదు | ఒక స్టాప్ | కెమెరాని బట్టి 8 లేదా 10 | కొద్దిగా |
| 10 బిట్ లాగ్ | చాలా బాగుంది | రెండు స్టాప్‌లు, ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉంటేనే | 10 బిట్లు, 4:2:2 | ప్రతి క్లిప్పుకీ గ్రేడింగ్ (రంగు, కాంట్రాస్ట్ సరిచేయడం) |
| రా వీడియో | లాగ్ అంతే | లాగ్ కంటే కాస్త మేలు | 12 బిట్లు | చాలా ఎక్కువ |
| ఫోన్ హెచ్‌డీఆర్ | చూడ్డానికి బాగుంది | లేపొద్దు | ఫోన్‌ని బట్టి 8 లేదా 10 | లేదు |

స్టాప్‌ల అంకెలు ఐఎస్‌ఓ తక్కువగా ఉన్నప్పటివి. రాత్రి మూడు వేలు, ఆరు వేల ఐఎస్‌ఓలో ఏ పద్ధతికైనా ఇవి తగ్గుతాయి. అక్కడ రా ఫోటోకీ లాగ్ వీడియోకీ మధ్య దూరం కూడా తగ్గిపోతుంది.

రా ఫోటో, జేపెగ్

కదలని విషయమైతే రా ఫోటోకి పోటీ లేదు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీది దీపాలు, కింద నదిలో వాటి ప్రతిబింబాలు, పక్కన చీకటి కొండ, ఇలాంటి ఫ్రేములో ఒక్క ఎక్స్‌పోజర్ చాలదు. ట్రైపాడ్ మీద రెండేసి స్టాప్‌ల తేడాతో మూడు షాట్లు తీసి కలిపితే కెమెరా రేంజ్‌కి నాలుగు స్టాప్‌లు జతైనట్టే. వీడియోకి ఆ దారి లేదు. వీడియో కావాలంటే సూర్యుడు మునిగాక పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే తీసేయాలి. ఆ కాసేపు దీపాలకీ ఆకాశానికీ తేడా తక్కువ. ఆ తర్వాత లాగ్ కూడా కాపాడదు.

జేపెగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అదే రోజు రాత్రి పేపర్‌కో పేజీకో పంపాల్సినవాళ్లకి మంచిది. రా, జేపెగ్ రెండూ రాసేలా పెట్టుకుంటే కార్డు కొంచెం త్వరగా నిండుతుంది, అంతకు మించి నష్టం లేదు.

మామూలు ప్రొఫైల్‌లో వీడియో

లాగ్ నేర్చుకున్న కొత్తలో దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు. నేను చూడను. వెలుతురు మన చేతిలో ఉన్నచోట, అంటే గదిలో, స్టేజీ మీద లైటు పెట్టి తీసేచోట, ఎనిమిది తొమ్మిది స్టాప్‌లు సరిపోతాయి. ఇబ్బందల్లా ఆరుబయటే.

దీనికి రెండో బలహీనత రంగు. దాన్ని చూడాలంటే గుంటూరు మిర్చి యార్డు కంటే మంచి చోటు లేదు. 4:2:0 అంటే వెలుగు నీడల వివరం 4కేలో ఉన్నా రంగు వివరం నాలుగో వంతు, అంటే 1920 బై 1080 మాత్రమే. ముదురు ఎరుపులో వెలుగు సమాచారం ఎలాగూ తక్కువ కాబట్టి కాయల అంచులు రంగు మీదే ఆధారపడతాయి, అవి మసకబారిపోతాయి. పైగా ఎండలో తేజ మిర్చి కుప్ప మీద రెడ్ ఛానెల్ ఒక్కటే ముందుగా నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుతురు ఎక్కడెంతుందో చూపే గ్రాఫు) అంతా బాగుందనే చెబుతుంది. ఇంటికొచ్చి చూస్తే కుప్ప మొత్తం ఒకే ఎర్ర ముద్ద. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించి తీస్తే కాయ కాయా కనిపిస్తుంది. ముహూర్తపు పట్టుచీర ఎరుపులో ఉంటే ఇదే జాగ్రత్త, జరీ మెరుపు దానికి అదనం. 10 బిట్ 4:2:2 (రంగు వివరం సగం నిలిచేది) ఉన్నవాళ్లకి లాగ్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే దాని రంగుల పరిధి పెద్దది, ఎరుపు అంత తొందరగా నిండదు.

10 బిట్ లాగ్

లాగ్ వల్ల సెన్సర్ రేంజ్ పెరగదు. ఉన్న రేంజ్‌ని ఫైలులో పట్టేలా మడత పెడుతుంది. పట్టుచీరల్ని బిగించి మడిచి చిన్న పెట్టెలో సర్దినట్టు: చీరలన్నీ పడతాయి, కానీ తీశాక ఇస్త్రీ చేయాల్సిందే, బట్ట పలచనైతే మడత దగ్గర చిరుగుతుంది. ఆ పలచని బట్టే 8 బిట్ ఫైలు. 256 మెట్లను 13, 14 స్టాప్‌లకు పంచితే ఒక్కో స్టాప్‌కి 20 మెట్లు కూడా రావు. గ్రేడింగ్‌లో కాంట్రాస్ట్ పెంచగానే ఆకాశంలో చారలు పడతాయి. 10 బిట్లయితే 1,024 మెట్లు. అందుకే నా మాట ఒకటే: లోపల 8 బిట్ మాత్రమే రాసే కెమెరాలో లాగ్ జోలికి పోకండి. 2018 నాటి సోనీ ఏ7 3లో ఎస్-లాగ్3 (సోనీ లాగ్) ఉంది, కానీ కార్డులో రాసేది 8 బిట్ 4:2:0. 2021లో వచ్చిన ఏ7 4 కార్డులోనే 10 బిట్ 4:2:2 రాస్తుంది. ఈ రెండింటి మధ్య లాగ్ వాడేవాళ్లకి అసలు తేడా మెగాపిక్సెళ్లలో లేదు, ఇక్కడుంది. సోనీ జడ్‌వీ-ఈ10, దాని రెండో తరం మధ్య కూడా ఇదే గీత.

లాగ్‌లో ఐఎస్‌ఓ 800 కంటే దిగనివ్వడం లేదని చాలామందికి అనుమానం. మామూలు ప్రొఫైల్‌లో 100 దగ్గర ఉన్న సెన్సర్ స్థితే లాగ్‌లో 800 పేరుతో ఉంటుంది. మీరు మూడు స్టాప్‌లు తక్కువ వెలుతురు పంపుతారు, ఆ మూడు స్టాప్‌లు వెలుతురు వైపు చోటుగా మారతాయి. ఎస్-లాగ్3లో బూడిదరంగు నుంచి పైకి ఆరు స్టాప్‌ల దాకా నిలుస్తుంది, రెక్ 709లో రెండున్నర అని పైన చెప్పాను. బ్యారేజీ మీది ఆకాశం దొరికేది ఇలాగే. దానికి చెల్లించేది నీడల్లో నాయిస్. అందుకే అలవాటైనవాళ్లు ఒకటి, ఒకటిన్నర స్టాప్‌లు ఎక్కువగా ఎక్స్‌పోజ్ చేసి గ్రేడింగ్‌లో దించుకుంటారు. ఎస్-లాగ్3 దాదాపు 94 శాతం దగ్గరే నిండిపోతుంది, కాబట్టి జీబ్రాని (వెలుతురు ఒక స్థాయి చేరినచోట తెర మీద గీతలు చూపే ఏర్పాటు) 94 దగ్గర పెట్టుకుని ఆకాశంలో గీతలు కనిపించేదాకా పెంచి, కాస్త వెనక్కి రండి.

చీకటి హాల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వెలుతురు వైపు కాపాడాల్సింది పెద్దగా ఉండదు, ఉన్న కొద్ది వెలుతురుని నీడల్లో నిలపాలి. రెండో బేస్ ఐఎస్‌ఓ (చీకటిలో నాయిస్ తక్కువగా ఉండే ఇంకో స్థాయి) ఉన్న కెమెరాలకు ఇక్కడ బలం ఎక్కువ. సోనీ ఏ7ఎస్ 3కి ఎస్-లాగ్3లో 640, 12,800. పానసోనిక్ ఎస్5 2కి వి-లాగ్‌లో 640, 4,000. అది లేని కెమెరాతో, లైటు లేకుండా, లాగ్‌లో తీసిన రిసెప్షన్ కంటే మామూలు ప్రొఫైల్‌లో ఒక ఎల్ఈడీ లైటు పెట్టి తీసిన రిసెప్షన్ ఎప్పుడూ బాగుంటుంది. బాడీకి పెట్టే డబ్బులో పదో వంతు లైటుకీ ఎన్‌డీకీ పెట్టండి.

ఇంకో చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. హాల్లో ఎల్ఈడీ వాల్‌కి, లైవ్ మిక్సింగ్‌కి మీ కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ వెళ్తుంటే చాలా కెమెరాల్లో అక్కడికీ లాగ్ బొమ్మే వెళ్తుంది. కెమెరా స్క్రీన్ మీద మీకు రంగులు బాగానే కనిపిస్తుంటాయి, వెయ్యి మంది ముందు తెర మీద పెళ్లికూతురు పాలిపోయి కనిపిస్తుంది. లైవ్ ఇచ్చే కెమెరాని మామూలు ప్రొఫైల్‌లోనే ఉంచాలి.

రా వీడియో

క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో దీని అవసరం ఉన్నవాళ్లు తక్కువ. రా వీడియోలో స్టాప్‌లు అదనంగా రావు. వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకోవచ్చు, కెమెరా చేసే షార్ప్‌నెస్, నాయిస్ తగ్గింపు ఉండవు. కాబట్టి మొదట చూసినప్పుడు లాగ్ కంటే నాయిస్ ఎక్కువగానే కనిపిస్తుంది. యాడ్ ఫిల్మ్, షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు, విడిగా కలరిస్ట్ ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. గంటకు వందల జీబీలు నిల్వ చేసే ఏర్పాటు ముందు చూసుకోండి.

ఫోన్

ఫోన్ ఫోటోల్లో ఆకాశం అంత బాగా రావడానికి సెన్సర్ కారణం కాదు. బటన్ నొక్కేలోపే చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. కెమెరాతో ట్రైపాడ్ మీద చేసే పనిని చేతిలోనే చేస్తుంది. అందుకే మధ్యాహ్నం మంగళగిరి గాలిగోపురం ఫోన్‌లో తీస్తే, పెద్ద కెమెరా జేపెగ్ కంటే మెరుగ్గా కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కదిలేవాటి దగ్గర ఆ తెలివి తడబడుతుంది: హారతి మంట, గెంతే పిల్లలు, చెట్ల ఆకులు.

వీడియోలో ఐఫోన్ 12 నుంచి డాల్బీ విజన్ హెచ్‌డీఆర్ (ఎక్కువ వెలుగు నీడల్ని చూపగల తెరల కోసం చేసిన వీడియో) ఉంది. మీ ఫోన్‌లో చూసుకున్నంతసేపు అద్భుతం. అదే క్లిప్ పాత ఫోన్‌కి, ఎడిటర్ కంప్యూటర్‌కి వెళ్తే ఒకచోట వెలిసిపోయి, ఇంకోచోట ముఖాలు తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. కెమెరా క్లిప్పులతో కలిపి ఎడిట్ చేయాలనుకుంటే ముందే హెచ్‌డీఆర్ ఆపేయండి. ఐఫోన్ 15 ప్రో నుంచి లాగ్ కూడా ఉంది. బైక్ మీద తిరిగి రీల్స్ చేసేవాళ్లకి అది చాలా ఉపయోగం, రాత్రి మాత్రం చిన్న సెన్సర్ చిన్న సెన్సరే.

మీరు ఎవరైతే ఏది

పెళ్లిళ్లు తీసే స్టూడియో అయితే ఒకే పద్ధతికి కట్టుబడకండి. ట్రెడిషనల్ వీడియో మూడు నాలుగు గంటలు సాగుతుంది, పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి, వారంలో అడుగుతారు. దాన్ని లాగ్‌లో తీస్తే గ్రేడింగ్‌కే మనిషి కావాలి. అది మామూలు ప్రొఫైల్ లేదా ఎస్-సినీటోన్ లాంటిది చాలు. క్యాండిడ్ వీడియో, ప్రీవెడ్డింగ్, ఐదు నిమిషాల హైలైట్ ముక్క మాత్రం 10 బిట్ లాగ్. జీలకర్ర బెల్లం దగ్గర పెళ్లికొడుకు తెల్ల పంచె, పైన మండపం లైట్లు, వెనక చీకటి: రేంజ్ నిజంగా కావాల్సిన క్షణాలు అవే. నిల్వ లెక్క కూడా వేసుకోండి. 100 మెగాబిట్లకు గంటకు 45 జీబీ, 140 అయితే 63, ప్రతి ఫ్రేమునీ విడిగా రాసే ఆల్-ఐ పద్ధతిలో 250 అయితే 112. మూడు కెమెరాలు, రెండు రోజుల పెళ్లి అంటే హార్డ్ డిస్క్ ధర కొటేషన్‌లో కలపాల్సిందే.

“4కే తీస్తున్నారు కదండీ, అందులోంచే ఆల్బమ్‌కి ఫోటోలు తీసేయండి, ఫోటోగ్రాఫర్ ఖర్చు తగ్గుతుంది” అనే పార్టీలు ఉంటారు. వాళ్లకి చెప్పాల్సిన లెక్క ఇది. 4కే ఫ్రేము 300 డీపీఐలో పన్నెండు ముప్పావు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల ఎత్తు మాత్రమే వస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫోటో 20 బై 13 అంగుళాలు. 12 బై 36 కరిజ్మా ఆల్బమ్‌లో ఎదురెదురు రెండు పేజీల నిండా ఒకే ఫోటో పరచాలంటే రెండోది కూడా కష్టపడుతుంది. కొలత ఒక్కటే కాదు. 1/50లో తలంబ్రాలు గీతలుగా పడతాయి, నవ్వుతూ తల తిప్పిన ముఖం చెదురుతుంది. వీడియోకి ఆ చెదరడమే అందం, ఫోటోకి అదే దోషం. వాట్సాప్ స్టేటస్‌కైతే ఇవ్వండి, ఆల్బమ్‌కి ఒప్పుకోకండి. వీడియో కోసమని ఏ7ఎస్ 3 కొని దాంతోనే ఫోటోలూ లాగించాలనుకునేవాళ్లూ ఆలోచించాలి. అది 12 మెగాపిక్సెళ్ల కెమెరా. రెండు పనులూ ఒకే బాడీతో చేయాల్సినవాళ్లకి ఏ7 4, కెనన్ ఆర్6 మార్క్ 2 లాంటి 24 నుంచి 33 మెగాపిక్సెళ్ల, 10 బిట్ రకమే సరైనది.

ఉప్పలపాడు పక్షుల దగ్గరికి వెళ్లేవాళ్లకి నా సలహా ఫోటో, అదీ రా. గూడబాతు తెల్లటి ఈకలు ఎండలో ముందుగా బర్న్ అవుతాయి, కాబట్టి తెలుపుని కాపాడుతూ తక్కువ ఎక్స్‌పోజ్ చేసి నీడల్ని తర్వాత లేపుకోవాలి, షట్టర్ 1/2000 కంటే వేగంగా ఉండాలి. ఈ రెండూ వీడియో ఇవ్వలేనివే. వీడియో తీయాలనిపిస్తే పొద్దున్నే మొదటి గంటలో తీయండి.

టిఫిన్ బండ్లు, హోటళ్లు చూపిస్తూ రీల్స్ చేసేవాళ్లు రోజూ ఒకటి పెట్టాలి. లాగ్ వద్దు. ఎక్స్‌పోజర్ ఆవిరి మీద కాక ఇడ్లీ తెలుపు మీద పెట్టి, వైట్ బ్యాలెన్స్ లాక్ చేస్తే చాలు. గుళ్లు, కోటలు తిరిగి నిదానంగా వారానికో, నెలకో వీడియో చేసేవాళ్లకి మాత్రం లాగ్ శ్రమకు తగ్గ ఫలితం ఇస్తుంది. ఉండవల్లి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి కాబట్టి ఫోటోల్లో మూడు షాట్లు కలిపే ఉపాయం చేతి మీదే చేయాల్సి వస్తుంది. బ్రాకెటింగ్‌ని (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుసగా తీయడాన్ని) వేగంగా తీసే బర్స్ట్‌తో పెట్టుకోండి.

కెనన్ 1500డీ, 200డీ 2 లాంటి కెమెరాలున్న ఇంటివాళ్లు, చదువుకునే పిల్లలు: మీ ఫోటోల్లో రేంజ్‌కి లోటు లేదు, రా పెట్టుకోండి. మొదటిది ఫుల్ హెచ్‌డీ వీడియోనే తీస్తుంది, రెండోదాంట్లో 4కే పెడితే ఫ్రేము బాగా క్రాప్ అవుతుంది. వీడియోకి ఫోన్ వాడుకుని ఆ డబ్బు లెన్సుకి దాచుకోవడం మేలు.

కొనే ముందు షాపులోనే చేసి చూడాల్సింది

మీ కార్డు తీసుకెళ్లండి. షాపు లోపలి నుంచి గుమ్మం వైపు తిరిగి, నీడలో ఒక మనిషి, బయట ఎండలో వీధి ఒకే ఫ్రేములో ఉండేలా నిలబడండి. బయటి వీధి బర్న్ కాని చోట ఎక్స్‌పోజర్ ఆపి ఒక రా ఫోటో, మామూలు ప్రొఫైల్‌లో పది సెకన్లు, లాగ్‌లో పది సెకన్లు తీయండి. ఇంటికెళ్లి మూడింట్లోనూ లోపలి మనిషి ముఖాన్ని ఒకే స్థాయికి లేపి, రోజూ మీరు వీడియోలు చూసే తెర మీదే ఆడించి చూడండి. మీ కస్టమర్ ఫోన్‌లోనే చూస్తారంటే ఫోన్‌లోనే చూడండి. లాగ్ క్లిప్‌ని సరిచేయడానికి మీకు పట్టిన సమయాన్ని ఒక పెళ్లిలో వచ్చే క్లిప్పుల సంఖ్యతో హెచ్చవేసి, ఆ బాడీ ధర అప్పుడు అడగండి.